ఎడమచేతి ముడి

చెరువు కట్ట మీద వలలు కాలుతుంటే భాగ్య పిల్ల ముఖాన్ని కొంగుతో కప్పేసింది. నైలాన్ పొగకు పసిదానికి దగ్గు పట్టుకుంటుందని ఆమె భయం. పిల్లకింకా ఏడు నెలలే. పిల్ల తండ్రి నగేశ్ బతుకుదెరువుకు పోయి భివండీ మగ్గాల మీద ఉన్నాడు. ఇంట్లో ఉన్నది తను, అత్త గట్టమ్మ, ఈ పిల్ల.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. బస్సులు లేవు, బడి లేదు. ఎవరి పనిముట్టు వాళ్లు తెచ్చుకుని జనగామ తొవ్వ మీద కూర్చుంటున్నారు. కుమ్మర్లు సారెను మోసుకొచ్చారు. చేపలు పట్టే ముదిరాజులు వలలు భుజాన వేసుకుని బయల్దేరుతుండగా చెరువు కాంట్రాక్టర్ మనుషులు అడ్డం తిరిగారు. వేలంపాటలో చెరువు మాది, మీకు వలలెందుకన్నారు. గుంజుకుని, కుప్పపోసి, డీజిల్ చల్లారు. మధ్యాహ్నానికి అదే కాంట్రాక్టర్ సమ్మె శిబిరంలో కండువా కప్పుకుని తెలంగాణ జిందాబాద్ అన్నాడు.

సాయంత్రం సంఘం అరుగు మీద అందరూ కూడారు.

"జర ఓపిక పట్టుండ్రి," అన్నాడు సంఘం పెద్ద బక్కయ్య. "తెలంగాణ రానియ్యి. చెరువు మనకే వస్తది."

"ఎట్లొస్తదే బక్కయ్యా? నీ వల కాలవెట్టినోడే జెండా పట్టుకున్నడు. రేపు ఆ జెండతోనే వచ్చి చెరువు నాదంటే ఏం జేస్తవ్, దండేస్తవా?" అంది గట్టమ్మ.

ఆడవాళ్లు నవ్వారు. బక్కయ్య నవ్వలేదు. "వల లేని ముదిరాజు ఏం జేస్తడు? నువ్వే చెప్పు."

"గాలమేస్తడు. మా కోడలికి గాలం కట్టొస్తది. జఫర్‌గఢ్‌ల వాళ్ల నాయిన నేర్పిండు."

అందరి కళ్లూ తన మీద పడేసరికి భాగ్య తల వంచుకుంది. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నలుగురిలో నోరు విప్పి ఎరుగదు. వద్దత్తమ్మా అందామనుకుంది.

మర్నాడు పొద్దున ఆమె చుట్టూ నలభై మంది ఆడవాళ్లు కూర్చున్నారు. కాలగా మిగిలిన వలల అంచుతాళ్లను విప్పి, మూడు పోగులు కలిపి తొడ మీద పేనారు. తుమ్మబెరడు ఉడికించిన నీళ్లలో నానబెట్టి ఆరేశారు. సైకిల్ చువ్వను ఎర్రగా కాల్చి వంచి, ఆకురాయితో మొన తీశారు. బరువుకు ఇనుప నట్టు కట్టి, అరచేతి వెడల్పు కట్టెకు తాడు చుట్టారు. ఆ ముల్లును తాడుకు కట్టడమే కష్టం. భాగ్య తాడును కాలి బొటనవేలికి తగిలించి, ఉమ్ముతో తడిపి, ఏడు చుట్లు తిప్పి బిగించింది. వాళ్లు ఆమె పక్కన చేరి, చేతులు చూస్తూ అట్లాగే తిప్పారు.

మూడో రోజు చెరువు కట్ట పొడవునా నలభై గాలాలు లేచాయి. తల మీద గిరగిర తిప్పి విసిరితే నట్టు ఎక్కడో దూరాన నీళ్లలో పడుతోంది. ఓదెమ్మ గాలానికి మొదటి కొర్రమట్ట చేప పడింది. "మొగుని కంటె ఎక్కువ గుంజులాడుతుందే," అని ఆమె అంటుంటే కాంట్రాక్టర్ కాపలాదారు పరుగున వచ్చి తాడు లాగాడు. ముల్లు అతని అరచేతిలో దిగింది.

గంటలో పోలీసు జీపు వచ్చింది, వెనకాల వ్యాను. కాంట్రాక్టర్ ఫిర్యాదులో గాలాలు మారణాయుధాలయ్యాయి.

"ఇవి చేసిందెవరో చెప్పండి. మిగతావాళ్లను వదిలేస్తా," అన్నాడు ఎస్సై.

కాపలాదారు కట్టుకట్టిన చేత్తో ఒక గాలం ఎత్తి చూపాడు. "చూడుండ్రి సార్. ముడి ఎడమకు తిరిగింది. అన్నీ గంతే. ఎడమచేతామె ఒక్కతే కట్టింది. గీ వాడల ఆమె ఎవలో నాకెరికే."

భాగ్య ఎడమచేయి పిల్ల వీపు కింద బిగుసుకుపోయింది. తీసుకుపోతే పాలెవరిస్తారు? పిల్లను తన దగ్గర ఉండనిస్తారా? ముందు చెరువు, వెనక జీపు. ఎటూ కదలడానికి లేదు.

గట్టమ్మ కాపలాదారు చేతిలోంచి గాలం లాక్కుంది. నేల మీద చతికిలబడి, ముడి విప్పి, తాడును బొటనవేలికి తగిలించి మళ్లీ వేసింది. చుట్లు ఎడమకే తిరిగాయి. తర్వాత ఓదెమ్మ కట్టింది. అదీ ఎడమకే. సౌందర్య కట్టింది, మైసమ్మ కట్టింది. ఒక్కరిదీ ఎడమచేతివాటం కాదు. భాగ్య చేతులు ఎటు తిరిగితే ముడి అటే తిరగాలనుకుని నేర్చుకున్నారు. తన చేతివాటం సంగతి చెప్పాలని భాగ్యకు తోచనే లేదు.

"ఇగ ఎవల్ని వట్టుకపోతవ్ సారూ?" అంది గట్టమ్మ.

ఎస్సై ముఖం కందిపోయింది. "ముసలిదాన్ని ఎక్కించండి."

వ్యాను తలుపు పడేముందు గట్టమ్మ ఒకే మాట అంది: "పిల్లకు పాలియ్యి."

భాగ్య రెండు రోజులు తలుపు తీయలేదు. నోరు విప్పితే పిల్ల దూరమవుతుంది, విప్పకపోతే అత్త లోపలే ఉంటుంది. ఎటు తిరిగినా గోడే తగిలింది. మూడో రోజు తలుపు కొట్టింది దిగువ తండా తుల్సీబాయి. వెనకాల ఇరవై మంది ఆడవాళ్లున్నారు.

"మా కుంట గూడ ఆ కాంట్రాక్టరే పట్టిండు చెల్లె. గాలం నేర్పు."

"నా తోటి గాదక్కా. మా అత్త ఠాణాల ఉంది."

"తెలుసు. నువ్వు ఏడుస్తనే నేర్పు. పిల్లను నేనెత్తుకుంట."

తుల్సీబాయి చేతులు చాచింది. భాగ్య పిల్లను ఇవ్వలేదు. చంకనేసుకుని గడప దాటి, "ముందు ఠాణాకు పోదాం," అంది. అది తన గొంతేనా అని ఆమెకే అనుమానం కలిగింది.

మూడు మైళ్లు నడిచారు. వాడ కదిలింది, తండా కదిలింది, తొవ్వ మీద కూర్చున్నవాళ్లూ వెంట లేచారు. ఠాణాలో భాగ్య ఎస్సై బల్ల ముందు నిలబడింది.

"గాలాలు నేనే చేసిన. మా అత్తను ఇడిసిపెట్టుండ్రి. పిల్ల నాతోనే ఉంటది, పాలు తాగే పిల్ల."

ఎస్సై అత్తను వదల్లేదు. భాగ్యను కూడా లోపలే కూర్చోబెట్టాడు. ఇనుప తలుపు మూసుకుంది. గట్టమ్మ కోడల్ని చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎందుకొచ్చినవే? చెరువు కాడ ఎవలున్నరు?"

"అందరు ఈడికే వచ్చిండ్రత్తమ్మా."

"అందరు ఈడ కూసుంటే వాడు ఆడ చేపంత దేవుకపోతడు. పొమ్మను."

భాగ్య పిల్లను చంకనెత్తుకుని కిటికీ చువ్వల దగ్గరికి వెళ్లింది. బయట రోడ్డు నిండా తలలే.

"సగం మంది చెరువు కాడికి పొండ్రి," అంది.

ముందువాళ్లు వెనకవాళ్లకు చెప్పారు. తుల్సీబాయి లేచింది, వెంట సగం జనం లేచారు. వాళ్లు మలుపు దాటకముందే, కొడకండ్ల తొవ్వన వలలు భుజాన వేసుకుని ఇంకో గుంపు ఠాణా వైపు వస్తూ కనిపించింది.