మోసెస్ బల్ల తీసుకోని ఆదివారం

డుంబ్రిగుడ అవతల కొండ మీది ఆ చిన్న చర్చిలో ఒక పట్టింపు ఉంది. ఇంట్లో ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే ఆ ఆదివారం ప్రభువు బల్ల తీసుకోకూడదు. రొట్టె, ద్రాక్షరసం ముట్టకుండా పళ్ళెం పక్కవాడికి అందించేయాలి. అలా అందించాడో, వాడింటి గుట్టు మధ్యాహ్నానికల్లా ఊరందరికీ కావాలి. అదేం భక్తో మరి!

ఆ ఆదివారం మోసెస్ పళ్ళెం పక్కకి అందించేశాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న అతని భార్య జాయ్ అది చూసింది.

ముందురోజు స్వర్ణ వచ్చి తన పెళ్ళికి పిలిచి వెళ్ళింది. విశాఖలో నర్సు ట్రైనింగప్పుడు స్వర్ణ, జాయ్ ఒకే గదిలో ఉండేవారు. ఆ పిల్ల ఆటో ఎక్కి వెళ్ళగానే జాయ్‌కి ఏడుపు ఆగలేదు. ఏమైందని మోసెస్ అడిగాడు. తలనొప్పి అని చెప్తే పోయేది. జాయ్‌కి అది చేతకాలేదు.

"అప్పట్లో మేమిద్దరం ప్రేమించుకున్నాం. నాకు ఆడోళ్ళ మీదా మనసు పడతాది, మగోళ్ళ మీదా పడతాది. నిన్ను ఇష్టపడే సేసుకున్నాను. నీకే ద్రోహమూ సెయ్యలేదు" అంది.

మోసెస్ ఔననలేదు, కాదనలేదు. కాఫీ తోటకి వెళ్ళిపోయాడు. చీకటి పడ్డాక వచ్చి, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఇక వదిలేస్తాడని జాయ్‌కి ఒకటే భయం.

ఇప్పుడు పళ్ళెం ఆమె దగ్గరికి వచ్చింది. నిజం చెప్పడం తప్పెలా అవుతుంది? జాయ్ రొట్టె తీసుకుంది. మొగుడు మానేస్తే పెళ్ళాం తీసుకోవడమా! ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుని మరీ చూశారు.

ఆరాధన అయ్యాక విశ్వాసం అనే సంఘపెద్ద మోసెస్‌ని అందరిముందూ పట్టుకున్నాడు.

"ఏటిరా మోసెస్, ఏటి గొడవ? తప్పెవరిది?"

ఆ మాట ఇక్కడ బయటపడితే కాపురమే కాదు, ఊళ్ళో బతుకే ఉండదు.

"నాదేనండి" అన్నాడు మోసెస్. "అది నాకో నిజం సెప్పింది. నిన్నట్నించి దాన్తో మాటాడ్లేదు."

"ఏటా నిజం?"

"అది మా ఇద్దరిదండి."

విశ్వాసం ఎంత గుచ్చి అడిగినా అంతకుమించి ఒక్క మాట రాలేదు.

ఇంటిదారిలో మోసెస్ నోరు విప్పాడు.

"నన్నొదిలేసి ఎల్పోతావేటి?"

"ఎక్కడికెల్తాను? నువ్వే ఒదిలేత్తావని సచ్చిపోతన్నాను!"

"ఆ స్వర్ణ గుంటంటే ఇప్పుడూ ఇష్టమేనా?"

"ఇష్టమే. నువ్వన్నా ఇష్టమే."



"మరి దేవుడికేటి సెప్పుకుంటావే?"

"ఆయనకెప్పుడో సెప్పీసాను" అంది జాయ్. "ఆయన నాతో మాటాడ్డం మానీలేదు."

మోసెస్ దారి పక్క గట్టు మీద కూలబడి భోరుమన్నాడు. జాయ్ పక్కన కూర్చుని, ఏడవనిచ్చింది.