ఈరమ్మ ఉతకని చొక్కా

నేను ఒక ఫుట్‌బాల్ చొక్కాను. రంగు నీలం, రొమ్ము మీద తెల్ల నక్షత్రం, వీపున పదకొండో నంబరు. బొల్లారంలో జబ్బార్ మియా అనే దర్జీ ఒకే తానులోంచి మమ్మల్ని పద్నాలుగు మందిని కుట్టాడు. అందరిలో నాకే కాస్త పొగరెక్కువ, ఎందుకంటే నన్ను తొడుక్కున్నది మైసయ్య. వర్క్‌షాపులో ఫిట్టరు, మైదానంలో ఎడమ వైపు సుడిగాలి. కాలికి బంతి దొరికితే ఎవరి మాటా వినడు. ఇంట్లో మాత్రం భార్య బాలమణి ఏం చెప్పినా విన్నట్టు తల ఊపేవాడు.

మనుషుల ప్రేమ గురించి నాకు పెద్ద భ్రమలు లేవు. గోల్ పడితే నన్ను గుండెకు హత్తుకుంటారు, ఇంటికొస్తే మూలకు విసిరేస్తారు. ఆ మూల నుంచి నన్ను లేవదీసేది ఈరమ్మ. జట్టు బట్టలన్నీ ఉతికేది ఆవిడే. తన చేతిమీదుగా మరకతో ఒక్క గుడ్డ కూడా ఇల్లు చేరలేదని ఆవిడకు మహా గర్వం. బండకేసి బాదిన ప్రతిసారీ ఆ గర్వం ఎంతటిదో నా ఒంటికి తెలిసొచ్చేది.

ఒక ఆదివారం వానలోనే మ్యాచ్ జరిగింది. నేను బురదలో దొర్లి, చెమటలో నాని, గుర్తుపట్టలేనట్టు తయారయ్యాను. మర్నాడు జట్టంతా విమానమెక్కి కలకత్తా టోర్నమెంటుకు పోవాలి. ఎవరో దాత కొత్త చొక్కాలు కుట్టించాడు కనుక మాతో పని లేకపోయింది. మైసయ్య నన్ను ఈరమ్మ మూటలో పడేశాడు.

"ఈరవ్వా, నేను మళ్ల ఐతారం దాక రాను. నిమ్మళంగ ఉతుకు" అన్నాడు.

నేను ఆ కొత్త చొక్కాను తలుచుకుని కుళ్లుకున్నాను. అలా కుళ్లుకున్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

విమానం కలకత్తా చేరలేదు. మబ్బుల్లో కొండను గుద్దుకుందన్నారు. జట్టులో ఒక్కరూ మిగల్లేదు. మేకులు కొట్టిన పెట్టెలు వచ్చాయి, తెరవొద్దన్నారు. బాలమణికి కడసారి చూపు కూడా దక్కలేదు.

అన్ని రోజులూ ముసురు వదల్లేదు. ఈరమ్మ మూటలో నేను మాసినవాణ్ణి మాసినట్టే ఉన్నాను. పోయినవాళ్ల బట్టలు ఉతికేవాళ్లకే చెందడం అక్కడి ఆనవాయితీ. పదకొండో రోజున మైసయ్య బట్టలన్నీ ఈరమ్మ ముందు పెట్టారు. ఆవిడ వాటి వంక చూడలేదు. కొంగు చాటు నుంచి నన్ను తీసి బాలమణి ఒడిలో పెట్టింది. అంత గర్వం గల మనిషి తల వంచుకుని, "ఉతకలేదు బిడ్డా" అంది.

బాలమణి నాలో ముఖం దాచుకుంది. బురద, చెమట, ఆయన రాసుకునే కొబ్బరినూనె, అన్నీ అలాగే ఉన్నాయి. పది రోజులుగా రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.

మైసయ్య వాళ్లన్న కసురుకున్నాడు. "సచ్చినోని మాసిన బట్ట ఇంట్ల పెట్టుకుంటరా? అరిష్టం!"

"రివాజు ప్రకారం అది నాది పటేలా. నాదాన్ని నా ఇష్టమున్నోళ్లకు ఇస్త" అంది ఈరమ్మ.

ఏటా ఆ తేదీన మైదానంలో రెండు నిమిషాల మౌనం, ఆపైన ఉపన్యాసాలు. అవి మాత్రం రెండు నిమిషాల్లో తెమిలేవి కావు. బాలమణి సభకు వెళ్లేది కాదు. ట్రంకుపెట్టె తెరిచి, ఒక్కసారి నన్ను వాసన చూసి, ఉన్నది కాస్తా గాలికి పోతుందేమోనని గబుక్కున మూసేసేది. ఏడో ఏటికే నాలో ఇనుప వాసన తప్ప మరేమీ మిగల్లేదు. నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా పెట్టె మూత మాత్రం అంతే గబుక్కున పడేది.

ఇరవై అయిదో ఏడు ఆ జట్టు క్లబ్బువాళ్లు అద్దాల బీరువా చేయించి, అందులో పెట్టడానికి నన్ను శుభ్రంగా ఉతికించి ఇమ్మని అడిగారు. బాలమణి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, సభ జరిగే రోజు పొద్దున్నే, నన్ను చంకన పెట్టుకుని ఈరమ్మ ఇంటికి పోయింది. ఈరమ్మ పని మానేసి చాలా కాలమైంది, వేళ్లు వంకర్లు పోయాయి.

"ఈరవ్వా, దీంట్ల ఆయన వాసన ఎన్నడో పోయింది. నేనే ఒప్పుకోలే. మాసిన అంగీతోని పదిమందిల నిలబడుడు ఆయనకు నచ్చదు. ఉతుకు."

"నాకు చాతనైతలేదు బిడ్డా" అంటూనే ఈరమ్మ నన్ను అందుకుంది.

ఈసారి బండకేసి బాదలేదు. పసిపిల్లకు పోసినట్టు నీళ్లు పోసింది. ఆనాటి బురదంతా కరిగి ఆ నీళ్లు ఎర్రగా పారుతుంటే ఇద్దరూ చూశారు. తర్వాత నన్ను పిండకుండానే తీగ మీద ఆరేసింది.

బాలమణి వచ్చి సరిగ్గా నా కింద కూర్చుంది. నాలోని నీళ్లు చుక్కలు చుక్కలుగా ఆమె నెత్తి మీద, భుజాల మీద పడసాగాయి.

"పక్కకు జరుగు బిడ్డా, తడుస్తున్నవ్."

"తడవనియ్యి."

సభకు వేళవుతోందని క్లబ్బు నుంచి మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఈరమ్మ అతణ్ణి మాట్లాడొద్దని సైగ చేసింది. నాలో ఆఖరి చుక్క రాలేదాకా బాలమణి అక్కణ్ణుంచి లేవలేదు.