మునేట్లో మునిగిన నందిగామ

“మామయ్యగారూ, లేఅవుట్” అని తిరుపతిరావు కేక పెట్టాడు. గోడవతల పక్కింటి రత్నమణికి వినిపించింది మాత్రం “మామయ్యగారూ, లే, ఔట్” అని. సాయంత్రానికల్లా అల్లుడు మామను మంచం మీంచి లేపి గెంటేశాడని జగ్గయ్యపేటంతా చెప్పుకుంది. మామ బసవయ్య నిజంగానే మధ్యాహ్నం బస్సుకు నందిగామ వెళ్లిపోయాడు. కూతురు భారతీదేవి కూడా పెట్టె సర్దుకుని తండ్రి వెంట నడిచింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అది 1961. జగ్గయ్యపేటకు రైలు లేదు, నందిగామకూ లేదు. అర్జీలు పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటూ ఉండగా, బట్టల కొట్టు తిరుపతిరావు తన రైలు తనే వేసేసుకున్నాడు. మద్రాసు నుంచి కీ ఇస్తే నడిచే బొమ్మ రైలుబండి తెచ్చాడు. పట్టాలకు గొడుగు ఊచలు, స్లీపర్లకు అగ్గిపుల్లలు, చెట్లకు పచ్చరంగు అద్దిన రంపప్పొట్టు. హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు ప్రేమానందం ఇచ్చిన ఇంగ్లండు పత్రికలో దీన్ని లేఅవుట్ అంటారని చదివాక, చీర బేరమాడే ఆడవాళ్లకు కూడా ఆ మాటే వడ్డించేవాడు.

స్థలం మాత్రం మామగారిది. అంటే పెళ్లినాడు బసవయ్య పెట్టిన నవారు మంచం. దానిమీద గోనెపట్టా పరిచి, మట్టి మెత్తి, తలవైపు జగ్గయ్యపేట, కాళ్లవైపు బెజవాడ కట్టాడు. మట్టి బరువుకు నవారు వదులై నడుమ గుంట పడింది. మామూలు మనిషైతే నవారు బిగిస్తాడు. తిరుపతిరావు కళాకారుడాయె. గుంటలో అద్దంముక్కలు పేర్చి, ఇది మునేరన్నాడు. పైన వంతెన కట్టి బండి నడిపాడు. ఊరి నుంచి వచ్చిన మామ అలవాటు చొప్పున ఆ మంచం మీదే నడుం వాల్చబోతే, మునేరు కృష్ణలో కలిసేలా ఉందని భయపడి ఆ కేక పెట్టాడు. అంతే జరిగింది.

ఇంట్లో రైలు నడుస్తోంది గానీ ఇల్లు నడవడం లేదు. హోటలు ఇడ్లీతో తిరుపతిరావు కొండలు కట్టలేడు, కడుపు నింపుకోనూ లేడు. భార్య నుంచి కబురు లేదు. చివరికి ఇంగ్లీషు ముక్కకు ఇంగ్లీషు మాస్టారే సాక్షి అని ప్రేమానందాన్ని వెంటబెట్టుకుని నందిగామ బస్సెక్కాడు.

బసవయ్య అరుగు మీద అప్పటికే వీధి సగం కూర్చుని ఉంది.

“రా నాయనా. కూర్చోమంటే మళ్లీ ఎవర్ని లేపుతావో” అంది ఎదురింటి పున్నమ్మ.

ప్రేమానందం గొంతు సవరించుకున్నాడు. “బసవయ్యగారూ, అందరూ వినండి. లేఅవుట్ అనేది ఒకటే మాటండి. బొమ్మ రైలు, ఊళ్లు, వాగులు అన్నీ ఒకచోట అమర్చిన దాని పేరు. లేచి పొమ్మని కాదు.”

వీధి “ఓహో” అంది. కొంచెం నిరాశగానే అంది.

బసవయ్య చుట్ట పక్కన పెట్టాడు. “అది నాకు తెలవదా మాస్టారూ? లే, ఔట్ అంటే నేనెందుకు పోతా? ఆ మంచం నాది. అల్లుడుగారినే పొమ్మనేవాణ్ణి.”

“మరి ఎందుకొచ్చేశారు మామయ్యగారూ?”

“తలాపున మీ పేట ఉంది. కాళ్లకాడ బెజవాడ ఉంది. నడుమ నందిగామ ఏదీ? నా గొడుగు విరిచి పట్టాలేసుకున్నావు, పట్టించుకోలా. ఆడపిల్లనిచ్చిన ఊరిని మునేట్లో ముంచుతావా?”

ఈసారి వీధి నిజంగానే కోప్పడింది.

“గుంట పడిందండీ…” నసిగాడు తిరుపతిరావు.

తలుపు చాటు నుంచి భారతీదేవి అంది: “ఆ అద్దంముక్కలు పేర్చేప్పుడే చెప్పా. మా ఊరేదండీ అంటే, నీళ్లు భలే మెరుస్తున్నాయి కదూ అన్నారు. స్టేషను కట్టేదాకా నేను రాను.”

“కడతా. బోర్డు కూడా పెడతా.”

“బండి ఆగుద్దా?” అన్నాడు బసవయ్య.

“దానికి బ్రేకు లేదు మామయ్యగారూ. కీ అయిపోయిన చోట ఆగుతుంది.”

“అయితే నందిగామలో అయిపోయేట్టు ఇయ్యి.”

“మరి బెజవాడ?”

“బెజవాడకి బోలెడు రైళ్లున్నాయి. అమ్మాయ్, పెట్టె తీసుకో. ముందు ఆ నవారు బిగిస్తే మునేరు తగ్గుద్ది.” బసవయ్య లేచి, కొత్త గొడుగు అందుకున్నాడు. అల్లుడి వంక ఒకసారి చూసి, దాన్ని పున్నమ్మ చేతికిచ్చాడు. “నేనొచ్చేదాకా నీ దగ్గరుంచమ్మా.”