ఇరవై ఆరో గది ఎర్ర బటన్

నేను ఒక ఎర్ర బటన్ని. చొక్కాకు కుట్టే బటన్ని కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నొక్కవలసిన బటన్ని. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఎనిమిదేళ్ళు గోడకు అంటుకుని ఉన్నా దీన్ని అర్థం చేసుకున్న మనిషి ఒక్కరూ నాకు తగల్లేదు.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాకు వైర్లు అతికిన అమ్మాయి ఇరవైసార్లు నొక్కి చూసి, "బాగానే అరుస్తోంది" అని పెట్టెలో పడేసింది. ఆ పొగడ్త నమ్ముకుని బయలుదేరాను. కాకినాడ నుంచి సామర్లకోట వెళ్ళే దారిలో, ఉద్యోగాలు విరమించినవాళ్ళు కలిసి ఉండడానికి కట్టిన భవనం ఒకటుంది. అందులో రెండో అంతస్తున, ఇరవై ఆరో నంబరు గదిలో, మంచం పక్క గోడకు నన్ను బిగించారు. నన్ను నొక్కితే కింద నర్సు గదిలోని బోర్డు మీద దీపం వెలిగి గంట మోగుతుంది. అన్ని గదుల బటన్లమూ ఆ ఒక్క బోర్డుకే కట్టుబడి ఉన్నాం కాబట్టి, ఎవరి గదిలో ఏం జరిగినా మిగతా బటన్లకు తెలిసిపోతుంది.

మొదట నా గదిలోకి వచ్చినాయన నూకరాజు గారు, తాసిల్దారుగా చేసి రిటైరైన మనిషి. నాలుగేళ్ళు ఉన్నారు. ఒక్కసారి కూడా నొక్కలేదు. పైగా తడి తువ్వాలు నా మీద ఆరేసేవారు. జ్వరంతో మూడు రోజులు మూలిగినప్పుడు కూడా, "ఇది నొక్కితే ముసలోణ్ణయిపోయానని అందరికీ తెలిసిపోద్ది" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మోకాళ్ళు అరిగాక కింద మూడో నంబరు గదికి మారారు. పీడ వదిలిందనుకున్నాను.

తర్వాత మాణిక్యాంబ గారు వచ్చారు. ముప్ఫై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఊళ్ళన్నిటినీ కలిపిన మనిషి. భర్త పోయారు, పిల్లలు లేరు. కాకినాడ ఫ్లాట్‌లో గ్యాస్ తెచ్చేవాడు తప్ప మాట్లాడే మనిషి లేక, ఇక్కడైతే నలుగురుంటారని తనంతట తనే వచ్చి చేరారు. మొదటి రోజు భోజనాల హాల్లో ఒక కుర్చీలో కూర్చోబోతే ఎవరో, "అది సుభద్రాదేవి గారి కుర్చీ అండి" అన్నారు. ఆ ముక్కకే ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని కంచం పట్టుకుని పైకి వచ్చేశారు. మళ్ళీ హాలు గడప తొక్కలేదు. భోజనం, కాఫీ గదికే తెప్పించుకునేవారు. నలభై మంది ఉన్న చోట ఒంటరిగా ఉండడం ఎలాగో ఆవిడ దగ్గరే చూశాను.

ఇక నా గతి చెప్పాలి. మూడో రోజు పొద్దున్నే నన్ను గట్టిగా నొక్కారు. నర్సు సువార్తమ్మ రెండంతస్తులు పరిగెత్తి, బీపీ మిషనుతో రొప్పుతూ వచ్చింది.

"ఏఁవైందండీ?"

"ఏం లేదమ్మా. ఇవాళ కూరేంటో కనుక్కుందామని."

కూర! గుండెపోట్ల కోసం తయారైన నన్ను బీరకాయ కోసం మోగించారు. ఆ తర్వాత బల్లి కోసం, ఫ్యాను చప్పుడు కోసం, ఇవాళ వారమేమిటన్న సందేహం కోసం మోగించారు. ఒక రోజైతే పద్నాలుగుసార్లు. సువార్తమ్మ, "ఇది ఇందుక్కాదండి అమ్మగారూ" అని మొత్తుకునేది. "సర్లే, ఎలాగూ వచ్చావుగా, కాసేపు కూర్చో" అనేవారీవిడ.

అలా కూర్చోబెట్టిన ఒక మధ్యాహ్నమే కొంప మునగబోయింది. తుఫాను రోజుల్లో ట్రంకు కాల్స్ ఎలా కలిపారో మాణిక్యాంబ గారు వర్ణిస్తున్నారు, సువార్తమ్మ లేవబోతూ కూర్చుంటోంది. కింద మూడో నంబరు దీపం వెలిగింది. నూకరాజు గారు జన్మలో మొదటిసారి బటన్ నొక్కారు. షుగరు పడిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరుగుతున్నాయాయనకు. ఖాళీ నర్సు గదిలో గంట ఆరు నిమిషాలు మోగింది. చివరికి వాచ్‌మన్ విని పరిగెత్తి ఆయన నోట్లో పంచదార పోశాడు.

సాయంత్రం సువార్తమ్మ మళ్ళీ పైకి వచ్చింది, ఈసారి ఎవరూ పిలవకుండానే.

"ఆయన మొండి మనిషి కాబట్టి బతికారండి. లేపోతే నేనెవరికేం చెప్పుకుందును? మీకు మాట్లాడ్డానికి మనిషి కావాలి, అంతే కదా? కింద నలభై మందున్నారండి! మెట్లు దిగండి!" అని అరిచి, అరిచినందుకు తనే ఏడ్చి వెళ్ళిపోయింది.

మాణిక్యాంబ గారు దీపం కూడా వేసుకోకుండా కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న గంజి పెట్టిన చీర కట్టుకుని, రెండుసార్లు తలుపు తీసి మళ్ళీ మూసి, మూడోసారి నూకరాజు గారి దగ్గరికి వెళ్ళారు. మూడో నంబరు గదిలో ఉన్నది నాతో ఒకే పెట్టెలో వచ్చిన బటనే కాబట్టి అక్కడి మాటలు నాకు చేరాయి.

"నిన్న నా మూలంగానే సిస్టర్ రాలేకపోయిందండి. క్షమించండి."

"ఏ గదండీ మీది?"

"ఇరవై ఆరు."

"ఓర్నాయనో, అది నా పాత గదండీ! నాలుగేళ్ళు దాన్ని ముట్టుకోకుండా నేనూ, ముట్టుకున్న చెయ్యి తియ్యకుండా మీరూ. ఇద్దరికీ బుద్ధి లేదండి, ఆయ్." మంచం దిగుతూ, "కాఫీ తాగారా?" అన్నారు.

"పైకి పంపిస్తారండి."

"పైకొచ్చేతలికి చల్లారిపోద్ది. రండి, హాల్లో తాగుదాం. నా పక్క కుర్చీ ఎవరిదీ కాదులెండి. నా నోటికి జడిసి ఎవరూ కూర్చోరు."

ఆవిడ కూర్చున్నారు. ఆయన నోటికి ముప్ఫై రెండేళ్ళు పనిచేసిన ఆపరేటరు జడుస్తుందా! నెల తిరిగేసరికి ఆ బల్ల చుట్టూ కుర్చీలు చాల్లేదు. పాత అలవాటు కొద్దీ ఆవిడకు అందరూ గది నంబర్లతోనే గుర్తు. "పన్నెండు రాలేదేంటి? ఒంట్లో బాగాలేదా? ఎవరైనా చూసి రండి" అని కాఫీ వేళ లెక్క తీసేవారు. విసుక్కుంటూనే ఎవరో ఒకరు లేచి వెళ్ళేవారు. తలుపు ఎవరూ తట్టని రోజు తమకే వెలితిగా ఉందని తర్వాత తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు.

మరి నేనో? నా మీద దుమ్ము పేరుకుంది. నా వెనక బల్లి గుడ్లు పెట్టింది, దాని గురించి కూడా ఎవరూ నన్ను నొక్కలేదు. మనుషులకు మధ్యేమార్గమంటూ ఉండదు.

కార్తీకమాసంలో ఒక పొద్దున్న మాణిక్యాంబ గారు స్నానాల గదిలో జారిపడ్డారు. నేను మంచం పక్కన ఉన్నాను. స్నానాల గదిలో కూడా ఒక బటన్ ఉండాలని భవనం కట్టినప్పుడు ఎవరికీ తోచలేదు. గడప మీద ఆవిడ చెయ్యి నాకు కనిపిస్తోంది. ఆ చెయ్యి నావైపు పాకబోయి ఆగిపోయింది. "సువార్తమ్మా" అని రెండుసార్లు పిలిచారు, మూడోసారి గొంతు రాలేదు. బీరకాయ కూర కోసం అన్నిసార్లు మోగిన నేను, ఆ ఒక్కసారీ నాకు నేనుగా మోగలేకపోయాను. నా మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పావుగంటకు తలుపు దబదబా మోగింది.

"ఇరవై ఆరూ! కాఫీ పోసేసి ఎంతసేపయిందో తెలుసా? ఎక్కడున్నారండీ?"

లిఫ్టు వచ్చేదాకా ఆగలేక, ఆ మోకాళ్ళతో నూకరాజు గారు రెండంతస్తులు ఎక్కి వచ్చారు. లోపలి నుంచి జవాబు రాకపోయేసరికి ఆయన వేసిన కేకకు సువార్తమ్మ మారుతాళంతో పరిగెత్తుకొచ్చింది. వెనకాలే పన్నెండో నంబరు, పద్దెనిమిదో నంబరు, సుభద్రాదేవి గారు, సగం హాలు వచ్చింది. తుంటి ఎముక విరిగింది. ఆలస్యమైతే ఏమయ్యేదో అంబులెన్సు డాక్టరు చెబుతుంటే నూకరాజు గారు వినలేక, వరండాలోకి వెళ్ళి గోడను తిడుతూ నిలబడ్డారు.

రెండు నెలలకు ఆవిడ తిరిగి వచ్చి, కింద ఐదో నంబరు గదిలో చేరారు. అందరికీ చేతికి కట్టుకునే కొత్త బటన్లిచ్చి మమ్మల్ని గోడల నుంచి పీకేశారు. మిగతావి పాత సామాను గదిలో పడ్డాయి. నన్ను మాత్రం మేనేజరు తుడిచి ఆఫీసు బల్ల మీద పెట్టుకుని, చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ, "ఒకావిడ ప్రాణం కాపాడిన బటనండి ఇది" అని చూపించడం మొదలుపెట్టాడు. అబద్ధమని అరుద్దామంటే వైర్లు లేవు.

మొన్న ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చింది. కరపత్రం చదువుతూ, దేనికీ సమాధానపడక కూర్చుంది. వాకర్ పట్టుకుని ఆఫీసు ముందు నుంచి వెళ్తున్న మాణిక్యాంబ గారిని పిలిచి, "ఏవండీ, ఇది నొక్కితే నిజంగా ఎవరైనా వస్తారా?" అని అడిగింది.

మాణిక్యాంబ గారు నన్ను చూసి నవ్వారు. "వస్తారండి. ఊరికే నొక్కితే తిట్టుకుంటూ వస్తారు. నొక్కకపోతే పరిగెత్తుకుంటూ వస్తారు."

మేనేజరు ముఖం వేలాడేశాడు.

"మీకు కాఫీయా, టీయా?" అన్నారు మాణిక్యాంబ గారు. ఆ పెద్దావిడ కరపత్రం బల్ల మీదే వదిలేసి, ఆమె వెనకాల హాల్లోకి నడిచింది.