ఇల్లు అద్దెకు కలదు

నేను ఒక రేకు బోర్డును. లంగర్ హౌజ్ దాటాక వచ్చే ఒక ఇరుకు గల్లీలో, బాలమణి ఇంటి గేటుకు ఇనుప తీగతో వేలాడుతూ చాలా ఏళ్లు బతికాను. నా ఒంటి మీద ఉన్నది ఒక్క మాట: ‘ఇల్లు అద్దెకు కలదు’. దాని కింద ఒక ఫోన్ నంబరు. ఇంత చిన్న మాటకు ఆత్మకథ ఒకటా అని మీరు నవ్వుకోవచ్చు. నేను కలదు అంటున్నప్పుడల్లా మనుషులు లేదు అంటూ వచ్చారు. కథ పెరగక ఏమవుతుంది?

నిజానికి నేను పుట్టింది ఈ పనికి కాదు. బస్సు బోర్డుగా పుట్టాను. ఆర్టీసీ డిపోలో పెయింటర్ జంగయ్య నాకు పసుపు రంగు పూసి, నల్లటి గుండ్రటి అక్షరాలతో ‘పరిగి’ అని ఊరి పేరు రాసి, డ్రైవరు ముందున్న అద్దానికి ఆనించాడు. నన్ను చదివి ఎంతమంది ఎక్కారో! కూరగాయల గంపలవాళ్లు, పట్టుచీరలవాళ్లు, బురఖాలవాళ్లు, కోళ్లను తలకిందులుగా పట్టుకున్నవాళ్లు. చేవెళ్ల వచ్చేసరికి ఎవరి భుజం మీద ఎవరు నిద్రపోతున్నారో వాళ్లకే తెలిసేది కాదు. దిగాక ఊళ్లోకి వెళ్లి ఎవరి వాడకు వాళ్లు చీలిపోయేవారట. నాకా సంగతి తెలియదు. అద్దం వెనక ఉన్నదాన్ని, నాకు కనిపించేది రోడ్డు ఒక్కటే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

తరవాత బస్సులకు లైట్లతో మెరిసే బోర్డులు వచ్చాయి. నన్ను డిపో వెనక తుక్కులో పడేశారు. ఒకరోజు జంగయ్య అటుగా వచ్చి, కుప్పలోంచి నా మూల చూసి గుర్తుపట్టాడు. రాసిన చెయ్యి కదా! అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇల్లంటే, అప్పుడే కట్టుకున్న ఇల్లు. కింద రెండు గదులు, పైన ఒక గది, వంటిల్లు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. అంతకన్నా కష్టం ఇంకొకటి ఉంది, అద్దె ఇల్లు వెతికి చూడు. జంగయ్యా బాలమణీ పెళ్లయిన కొత్తలో పట్నం వచ్చి తిరగని గల్లీ లేదు. గేటు దగ్గరే ప్రశ్న ఎదురయ్యేది.

“ఏమోళ్లు మీరు?”

“మాదిగోళ్లమమ్మా.” జంగయ్యకు అబద్ధం ఆడటం చేతకాదు.

“అయ్యో! ఇప్పుడే మా ఆడబిడ్డ ఫోన్ చేసె. వాళ్లోళ్లే దిగుతరంట.”

ఆ ఫోను మోగడం మాత్రం ఎవరికీ వినిపించలేదు. ఒకసారి విసిగిపోయి బాలమణి ఇంకో కులం పేరు చెప్పింది. ఇల్లు దొరికింది. కొన్నాళ్లకు ఊరి నుంచి జంగయ్య మేనమామ వచ్చి, వాకిట్లో కూర్చుని ఇంటావిడతో నాలుగు మాటలు మాట్లాడాడు. అంతే, గుట్టు రట్టయింది. వీళ్లు సామాను ఆటోలోకి ఎక్కిస్తుండగానే ఇంటావిడ గడప మీద పసుపు నీళ్లు గుమ్మరించింది. ఆ నీళ్లు పారి వచ్చి బాలమణి చెప్పుల్ని తడిపాయట. ఈ సంగతులన్నీ బాలమణి చెప్పుకుంటుంటే విన్నాను. చెప్పిన ప్రతిసారీ కాళ్లు వెనక్కి లాక్కునేది.

అందుకే సొంత ఇల్లు. పై గది అద్దెకు ఇద్దామనుకున్నాక జంగయ్య నాకు తెల్లరంగు వేసి, వాకిట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని అక్షరాలు రాశాడు. పక్కనే నిలబడి బాలమణి అంది.

“ఫ్యామిలీలకే అని ఒక ముక్క రాయరాదూ? గల్లీల అందరు రాస్తుండ్రు.”

“బస్సు బోర్డు మీద ఊరి పేరు రాస్తం గానీ, ఎవలెక్కాల్నో రాస్తమానే?” అన్నాడు జంగయ్య కుంచె ఎత్తకుండానే.

అలా నేను షరతులు లేని బోర్డునయ్యాను. జంగయ్య బతికున్నంత కాలం ఆ మాట నిలబడింది. బీహారు నుంచి వచ్చిన దర్జీ కుటుంబం ఉంది. ఒడిశా మేస్త్రీలు ఉన్నారు. కాలేజీ పిల్లలు ఉండి, గోడల నిండా లెక్కలు రాసిపోయారు. నేను ఏడాదిలో ఎక్కువ రోజులు సజ్జ మీదే నిద్రపోయేదాన్ని. మా జాతికి సుఖమంటే అదే. వేలాడే బోర్డు దిగులుగా ఉంటుంది, దించిన బోర్డు హాయిగా ఉంటుంది.

నాకు పని లేనప్పుడు గల్లీలో వాళ్లు, నంబరు మీద తమ నంబరు కాగితం అంటించుకుని, నన్ను అరువు తీసుకెళ్లేవారు. ఆ విధంగా పది గేట్లు చూశాను. ఒక ఇంట్లో మాంసం వండకూడదు. ఇంకో ఇంట్లో వండొచ్చు గానీ వాసన రాకూడదు. ఒకాయన ‘మాకు అట్లాంటి పట్టింపులేం లేవండీ’ అని మొదలుపెట్టి పేరు, ఇంటిపేరు, తాతల ఊరు అడిగి, అప్పటికీ తేలకపోతే పెళ్లి ఎవరి పద్ధతిలో జరిగిందని అడిగాడు. పట్టింపులు లేనివాళ్లకు ఇన్ని వివరాలు ఎందుకో రేకుముక్కను, నాకేం తెలుస్తుంది?

ఒక చలికాలం జంగయ్య గుండె ఆగిపోయింది. పైనున్న పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయారు. బాలమణి ఒంటరిదయింది. ఈసారి నన్ను గేటుకు కట్టింది ఆమే. అప్పటికి పక్క వీధిలో ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు గుంపుగా ఉంటున్నారు. పక్కింటి విమల వచ్చి హెచ్చరించింది. అదే పొద్దున ఆమె టీవీలో ఎక్కడో పరాయి దేశంలో మన పిల్లాణ్ణి రంగు చూసి ఇంట్లోంచి వెళ్లగొట్టారన్న వార్త చూసి కన్నీళ్లు పెట్టుకుంది. కళ్లు తుడుచుకున్న కొంగు ఆరకముందే అంది కదా,

“ఆ నల్లోళ్లకు మాత్రం ఇయ్యకక్కా. మస్తు లొల్లి చేస్తరంట.”

“నువ్వు చూసినవా?” అడిగింది బాలమణి.

“నేనెక్కడ చూసిన? అందరు అంటుండ్రు.”

ఆ అందరినీ నేను ఎరుగుదును, వాళ్లందరి గేట్లకూ వేలాడాను. చూసినవాడు ఒక్కడూ లేడు. నలుపు నారాయణుడు మెచ్చు అంటారు. మెచ్చే పని ఆయనకు వదిలేసి మనుషులు హాయిగా ఉన్నారు.

వైశాఖం ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం గేటు ముందు ఒక అమ్మాయి ఆగింది. పొడవైన పిల్ల. తలకు ఆకుపచ్చ స్కార్ఫు, ఎడమ కనుబొమ మీద చిన్న గాటు, నవ్వకపోయినా సొట్టపడే బుగ్గ. నా అక్షరాల్ని వేలితో గాలిలో రాసుకుంటూ, “ఇ... ల్లు... అద్... దె... కు” అని కూడబలుక్కుంది. తెలుగు అక్షరాలు బస్సుల మీద చూసి నేర్చుకుందని తరవాత తెలిసింది. నా పాత ప్రాణం లేచొచ్చింది. ఎన్నేళ్లయింది, నన్ను చదివి ఒకరి ముఖం అలా వెలిగి!

గేటు చప్పుడుకు బాలమణి బయటికి వచ్చింది. చూసింది. చూసిందంటే రంగు చూసింది. నడుముకు పై గది తాళంచెవి వేలాడుతూనే ఉంది.

“ఇచ్చేసినమమ్మా,” అంది.

అమ్మాయి మేడ వైపు చూసింది. మూసిన కిటికీ, తలుపుకు తాళం. తాళంచెవిని చూసింది. చివరికి నన్ను చూసింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అంతకన్నా కష్టమైనది వచ్చింది, మర్యాద.

“ఇచ్చేశారా ఆంటీ? అయితే బోర్డు నేను తీస్తాను. లేకపోతే ఇంకా ఎవరో వస్తారు. ఎండ చాలా ఉంది.”

తీగ ముడి విప్పింది. స్కార్ఫు కొసతో నా మీది దుమ్ము తుడిచింది. రెండు చేతులతో తీసుకొచ్చి బాలమణి చేతుల్లో పెట్టి, తల కొంచెం వంచి, ఎండలోకి వెళ్లిపోయింది.

బాలమణి నన్ను పట్టుకుని అలాగే నిలబడింది. అత్తా ఒకింటి కోడలే అంటారు. కాదనను. కానీ అత్త అయిన రోజున ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? బాలమణికి ఒక నిమిషం ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆమె పసుపు నీళ్లు చల్లలేదు, నిజమే. చల్లాల్సిన అవసరమే రాకుండా గేటు దగ్గరే ఆపేసింది. ఆ మాట ఆమెకే తట్టినట్టుంది, గడప మీద కూర్చుని కాళ్లు వెనక్కి లాక్కుంది.

ఇక నన్ను మళ్లీ కట్టలేకపోయింది. కడితే ఆ పిల్ల దారిన పోతూ చూడదూ? ఎన్నడూ లేనిది, సజ్జ మీద నాకు సుఖం లేకుండా పోయింది. పైన గది ఖాళీ, కింద మనిషి ఖాళీ. వానాకాలం వచ్చింది. విమల ఉండబట్టలేక అడిగింది.

“బోర్డు కట్టవేందక్కా? పోర్షన్ ఎవలకన్న ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

“ఎవలకు?”

“అబద్ధానికి ఇచ్చిన. ఖాళీ చేస్తలేదు,” అంది బాలమణి.

మరునాడు నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని పక్క వీధికి బయలుదేరింది. ఇంటి కోసం తిరిగేవాళ్లను లోకం చూసింది గానీ, ఇంటిని చంకన పెట్టుకుని మనిషి కోసం తిరిగేదాన్ని చూడలేదు. కిరాణా కొట్టు దగ్గర ఆగింది.

“ఒక పిల్ల కావాలె నాయ్నా. ఆఫ్రికా పిల్ల.”

“పేరేందమ్మా?”

“అడగలే.”

“పోనీ ఎట్లుంటది?”

“పొడుగ్గ ఉంటది... నల్లగ...”

“అందరు గట్లనే ఉంటరు గదమ్మా! మొఖం ఎట్లుంటది?”

ఆ రోజు బాలమణి చూపు రంగు దగ్గరే ఆగిపోయింది. ఆమె ముఖం దాకా చూస్తే కదా! కనుబొమ మీద గాటు ఉంటుందని, బుగ్గ సొట్టపడుతుందని నేను సంచిలోంచి అరిచి చెప్పాలనుకున్నాను. రాసిన మాట తప్ప ఇంకో మాట పలకలేని పుట్టుక నాది. అంత దుఃఖం నాకు తుక్కులో పడ్డనాడు కూడా కలగలేదు.

ఆ తరవాత రోజూ సాయంత్రం ఆ వీధి మొదట్లో ఉన్న బస్టాపు బెంచీ మీద కూర్చునేది. నన్ను ఒళ్లో నిలబెట్టుకుని, అక్షరాలు రోడ్డు వైపు తిప్పేది. తను గుర్తుపట్టలేకపోయినా, ఆ పిల్ల బోర్డునైనా గుర్తుపడుతుందని ఆశ. వచ్చేపోయే ప్రతి ముఖాన్నీ కళ్లు చికిలించి చూసేది. అందరు గట్లనే ఉండరని ఆమెకు ఆ బెంచీ మీదే తెలిసింది. ఒకడికి నత్తి, ఒకతికి నిద్రమొహం, ఒకతి నడుస్తూనే పాడేది. కొందరు పిల్లలు సైకిళ్ల మీద పోతూ వాళ్లను వెక్కిరిస్తే, బాలమణి లేచి నిలబడి గల్లీ అదిరేలా తిట్టేది.

ఒక ముసురు సాయంత్రం ఆకుపచ్చ స్కార్ఫు బస్సు దిగింది. నా ముందు ఆగి మెల్లగా చదివింది.

“ఆంటీ! ఇల్లు మళ్లీ ఖాళీ అయిందా?”

“ఖాళీగనే ఉండె బిడ్డా. అప్పుడు గూడ.”

వాన చినుకులు నా మీద టపటపలాడాయి. ఆ పిల్ల చేత్తో ఆ తడి తుడిచింది.

“నాకు తెలుసు ఆంటీ,” అంది.

“నన్ను గూడ గట్లనే ఎల్లగొట్టిండ్రు బిడ్డా, కులం అడిగి. ఎంత మంట ఉంటదో నాకెరుకే. ఎరుకై గూడ చేసిన.” బాలమణి కొంగుతో ముఖం కప్పుకుంది. “వచ్చి ఉండు. నాకు కిరాయి గూడ వద్దు.”

“కిరాయి వద్దంటే ఇంకా కష్టం ఆంటీ.” అప్పుడు బుగ్గ సొట్టపడింది. కానీ నవ్వు నిలవలేదు. “ఇప్పుడు కుదరదు. ముగ్గురం అద్దె పంచుకుని ఒక గదిలో ఉన్నాం. చలికాలంలో నా చదువు అయిపోతుంది. కెన్యా వెళ్తాను.”

“పేరేంది బిడ్డా?”

“వంబూయి.”

బాలమణి పలికింది, తప్పుగా వచ్చింది. మళ్లీ పలికింది. సరిగ్గా వచ్చేదాకా ఆ పిల్ల ఓపిగ్గా నిలబడింది.

“ఇల్లు చూస్తాను ఆంటీ. ఉండటానికి కాదు. చూడటానికి,” అంది చివరికి.

ఆదివారం పొద్దున వచ్చింది. బాలమణి నన్ను చంకన పెట్టుకునే పైకి వెళ్లి తలుపు తీసి, అద్దెకు వచ్చినవాళ్లకు చూపించినట్టే అన్నీ చూపించింది. నల్లా ఎప్పుడు వస్తుందో, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో, ఏ స్విచ్చి రెండుసార్లు నొక్కాలో. ఆ పిల్ల కూడా అచ్చం అద్దెకు వచ్చినదానిలా నల్లా తిప్పి చూసింది, అల్మారా తెరిచి చూసింది. ఇద్దరికీ తెలుసు, ఇది జరగని కాపురమని. తూర్పు కిటికీ రెక్కలు తోసి, వెలుతురులో కాసేపు నిలబడింది.

“ఇక్కడ టేబుల్ వేసుకునేదాన్ని ఆంటీ,” అంది.

బాలమణి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ పిల్ల వచ్చి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. ఓదార్చలేదు, ఫరవాలేదని కూడా అనలేదు. ఆ తరవాత కూడా కొన్ని ఆదివారాలు వచ్చి అన్నం తిని వెళ్లింది. చలికాలంలో వాళ్ల ఊరు వెళ్లిపోయింది.

గేటుకు మళ్లీ కొన్నాళ్లు వేలాడి, ఇప్పుడు నేను సజ్జ మీద ఉన్నాను. పై గదిలో మనుషులు దిగారు. వాళ్లెవరు, ఎక్కడివాళ్లు, ఏం తింటారు అని మీరు అడగకండి. బాలమణి అడగలేదు. గేటు చప్పుడవగానే తాళంచెవి తీసుకుని, “రాండ్రి, ముందుగాల ఇల్లు చూడుండ్రి” అంటూ మెట్లెక్కింది. విమల గోడ మీది నుంచి తొంగి చూసి సైగలు చేసింది గానీ, బాలమణి అటు తిరగలేదు.

గదిలో తూర్పు కిటికీ కింద కొత్త టేబుల్ ఒకటి ఉంది. బాలమణి కొని వేయించింది. వచ్చినవాళ్లు మంచానికి చోటు చాలడం లేదు, టేబుల్‌ను పక్కకు జరుపుకుంటామన్నారు. జంగయ్య నా మీద ఎన్నడూ రాయని షరతు ఒకటి ఆ ఇంటికి అప్పుడు వచ్చింది.

“మీ ఇష్టమొచ్చినట్టు ఉండుండ్రి. ఆ టేబుల్ మాత్రం జరపకుండ్రి,” అంది బాలమణి. “అది వంబూయిది.”