తొమ్మిది మందికి ఒకటే పొయ్యి

నేను ఒక గ్యాస్ పొయ్యిని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. కాకినాడ రేవు దగ్గరి వాడలో నూకరత్నమ్మ చేతికి వచ్చేసరికే రెండిళ్లలో పప్పు మాడ్చినదాన్ని. వంట చెడితే నేరం పొయ్యి మీదకు తోసెయ్యడం మనుషులకు మామూలే. ఎవరూ తోయకుండా నేనే నెత్తిన వేసుకున్న నేరం ఒకటుంది. ఇప్పుడు పాత ఇనప కొట్లో పడున్నాను కనుక చెప్పేస్తాను.

నూకరత్నమ్మది ఒక్కటే గది. అందులో ఆమె, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, నలుగురు పిల్లలు. చిన్నకోడలు గంగ పాత చీర అడ్డం కట్టుకుని, చంటిబిడ్డతో దాని వెనక ముడుచుకుని పడుకునేది. ఇల్లు లేని కుటుంబాలకు సర్కారు ఇచ్చే ఇళ్ల సర్వేకి ఆఫీసరు వస్తున్నాడనగానే అత్తగారు నన్ను తళతళలాడేలా తోమి, ఆయనకు టీ కాచింది.

“తొమ్మిది మందికీ ఇదొక్కటే పొయ్యండి బాబూ. మా ఇంట్లో వేరు కుంపటన్న మాటే లేదండి,” అంది గొప్పగా.

ఆయన టీ తాగి, ‘కుటుంబం ఒకటి, ఇల్లు ఉంది’ అని రాసుకుపోయాడు. సర్కారు కాగితంలో ఎక్కడ వండుకుంటారో రాయడానికి గడి ఉంది, ఎక్కడ పడుకుంటారో రాయడానికి లేదు. జాబితాలో గంగ పేరు రాలేదు. ఆ రోజు నేను చెడిపోయి ఉన్నా బాగుండేదని ఈనాటికీ కుములుతుంటాను.

ఆఫీసులో అడిగితే, వేరు కుంపటి ఉంటేనే వేరు కుటుంబమన్నారు. గంగ ఒక పాత కిరసనాయిలు పొయ్యి తెచ్చి మూలన పెట్టింది. అందులో చుక్క నూనె లేదు. మళ్లీ విచారణకొచ్చిన ఆఫీసరు దాన్ని చూసి, “మొన్న ఒకటే అన్నారుగా?” అన్నాడు.

అత్తగారే ముందుకొచ్చింది.

“పరువు పోద్దని అలా చెప్పానండి బాబూ. ఈ పిల్ల నాకు గుక్కెడు గంజి కూడా పొయ్యదండి. వచ్చిన కాడి నుంచీ వేరేనండి.”

గుమ్మం దగ్గర చేరిన వాడంతా విన్నది. ఆఫీసరు గంగను అదోలా చూసి, రెండో కుటుంబం రాసుకున్నాడు. ఆ ఏడాదే ఆమెకు ఇల్లు వచ్చింది.

కానీ విచారణ జరిగిన సాయంత్రం నా మీద అన్నం ఉడికాక, “గంగా, తిందువుగాని రామ్మా,” అని నూకరత్నమ్మ రెండుసార్లు పిలిచింది. గంగ పక్కింటికి వెళ్లి కిరసనాయిలు తెచ్చుకుని, మూలనున్న పొయ్యి వెలిగించింది. అత్తగారు చిన్నకొడుకుకీ కోడలికీ వడ్డించిన కంచాలు రెండూ తిరిగి గిన్నెలోకి వంచింది.