కంచె మీది కోడి

ఆగస్టు వచ్చిందంటే ఇంగ్లండు పల్లె నెదర్‌కూంబ్‌లో ఆడా మగా కత్తెరలు పుచ్చుకుని, ఇళ్ల ముందు గోడల్లా పెంచిన యూ చెట్ల కంచెల మీద పడతారు. కింద దుప్పటి పరవాలి, లేత చిగుళ్లే కొయ్యాలి. గడ్డిపరక కలిసిందా, మందుల కంపెనీ వ్యానువాడు సంచీని గుమ్మంలోనే వదిలేసి పోతాడు. ఆ చిగుళ్ల నుంచే క్యాన్సర్ మందు తీస్తారు మరి. మేవిస్ దుప్పటి పరుస్తూ, నిచ్చెన మీదున్న మొగుడు సెడ్రిక్‌కి సలహాలిస్తూ ఉంటుంది. నిచ్చెన ఎక్కని వాళ్లకే సలహాలు ఎక్కువ.

వాళ్ల కంచె చివర ఒక కోడి ఉంది. ఎప్పుడో సెడ్రిక్ కొమ్మల్ని నెమలిలా కత్తిరించబోతే అది కోడి అయి కూర్చుంది. రోజూ టీ వేళకు కంచె దిగి, ఊరంతా ఓ చుట్టు చుట్టి, చీకటి పడేలోపు వచ్చి ఎక్కేస్తుంది. అది వస్తుంటే జనం కూరమళ్లు గీకేస్తుందని గేట్లు వేసుకుంటారు. అంతకుమించి దాన్నెవరూ పట్టించుకోరు. దాని చిగురు మాత్రం మందుల సంచీలోకి పోదు. అది ఊరి తోటల పోటీకి. ఏటా పక్కింటి క్లైవ్ పెంచిన ఆకుల గుర్రమే గెలుస్తుంది, ఏటా సెడ్రిక్ ఆ పూట భోజనం మానేస్తాడు.

ఆ ఏడు మేవిస్‌కి మందు పనిచెయ్యడం మానేసింది. రొమ్ములో క్యాన్సర్ గడ్డ మొదట్లో ఆ యూ మందుకే కరిగింది. ఇప్పుడు మొండికేసింది.

"గడ్డ తెలివి మీరింది మేవిస్ గారూ," అంది డాక్టర్ లోమాక్స్. "మందు లోపలికి పోగానే బయటికి గెంటేస్తోంది. అలా గెంటకుండా ఆపే మొక్క కోసం వెతుకుతున్నాం. ఇంతవరకూ ఏదీ ఆపలేదు."

"మా అత్తగారి బుద్ధులొచ్చాయన్నమాట దానికి. ఎవర్నీ గుమ్మంలో నిలవనిచ్చేది కాదావిడ," అంది మేవిస్.

డాక్టరు నవ్వింది. మేవిస్ కూడా నవ్వింది గానీ, ఇంటికొస్తూ బస్సు కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఆమెకు ఇంకా బతకాలని ఉంది.

ఆ వారమే కోడి మేత మొదలుపెట్టింది. అన్నేళ్లలో అది ఒక్క గింజ ముట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు రోజూ చర్చి వెనక కాలవ గట్టుకు పోయి, అక్కడి ఊదాపూల కలుపుమొక్కనే పొడుచుకు తినసాగింది. కొన్నాళ్లకు దాని తోక నిండా నీలి చిగుళ్లు వేశాయి. సెడ్రిక్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఇక క్లైవ్ గుర్రం గాడిద కింద లెక్కే," అన్నాడు.

పోటీ రోజు పొద్దున కోడి వంటింట్లోకి వచ్చింది. మేవిస్ కాళ్ల దగ్గర చేరి, తోక ఆమె వైపు తిప్పి కదలకుండా కూర్చుంది.

మేవిస్ టీ కప్పు పక్కన పెట్టింది. "ఇది నాకోసమే తిన్నట్టుందయ్యా," అంది మెల్లగా. "పోనీలే, పోటీ అయ్యాక కోద్దువుగాని."

సెడ్రిక్ కోడి వంకా పెళ్లాం వంకా చూశాడు. "అప్పటికి చిగురు వాడిపోతుంది. దుప్పటి పరిచెయ్యి," అన్నాడు.

ఒక్క ఆకు మిగల్చకుండా కత్తిరించాడు. పోటీలో వట్టి పుల్లల కోడిని చూసి జనం విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సెడ్రికే. "ఉక్కపోస్తోందని చొక్కా విప్పింది," అన్నాడు క్లైవ్‌తో.

సంచీ డాక్టర్ లోమాక్స్ దగ్గరికి చేరింది. గాజు పళ్లెంలో మేవిస్ గడ్డ ముక్క మీద పాత మందుతో పాటు ఆ నీలి చిగుళ్ల రసం వేసి చూశారు. ఆ తర్వాత అనుమతులూ, సూదులూ. చలికాలం మొదట్లో డాక్టరు కొత్త స్కాను ముందు పెట్టుకుని పాతదానితో పోల్చి చూసింది. సెడ్రిక్ టోపీని పిండేస్తున్నాడు.

"మందు లోపలే నిలుస్తోంది," అంది చివరికి. "గడ్డ సగానికి సగం తగ్గింది. ఇంకా తగ్గుతుంది. వార్డులో మిగతావాళ్లకీ రేపట్నుంచి మొదలుపెడుతున్నాం."

సెడ్రిక్ నడవాలోకి పోయి, గోడకు మొహం ఆనించి బావురుమన్నాడు.

బయటికొచ్చాక మేవిస్ బస్టాపు వైపు నడవలేదు. ఎదురుగా ఉన్న బట్టల కొట్లోకి పోయి, మంచి ఉన్ని కోటు ఒకటి తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది.

"పదిహేనేళ్లు మన్నుతుందంటోంది ఈ కొట్టు అమ్మాయి," అంది.

ఏ వస్తువుకైనా ముందు ధర చూసే సెడ్రిక్ ఆ చీటీ వైపు కన్నెత్తి చూడలేదు.

"అన్నేళ్లూ నిన్ను ఒకే కోటులో చూడటం నావల్ల కాదు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోటి కూడా తీసుకో."